రేఖాపటాలలో గీతల శైలి

రేఖాపటాలలో గీతల శైలి అనగా కంప్యూటరు ప్రోగ్రాము ద్వారా గీసే గ్రాఫులలో ఒక్కొక్క గీతకు నిర్ణయించే రూపం. గీత నిండుగా ఉండుట, తునకలుగా ఉండుట, చుక్కలుగా ఉండుట, దాని మందం, రంగు, కొసల ఆకారం, మలుపుల ఆకారం ఇవన్నీ శైలి క్రిందికే వస్తాయి. పటం చూసేవారికి ఇది అలంకారంగా తోచవచ్చును. అయితే కొలతలను చూపే పటంలో ఏది కొలిచినది, ఏది సగటు, ఏది అంచనా, ఎక్కడ అసలు కొలతే లేదు అనే సంగతులను పాఠకునికి తెలియజేసేది చాలావరకు గీత శైలియే. ఈ వ్యాసంలో అనంతపురం జిల్లాలోని తాడిపత్రి ప్రాంతపు వర్షపాతం ఉదాహరణగా తీసుకొనబడినది. వాన తక్కువగా పడే ఈ సీమలో ఒక గీతను తప్పుగా గీస్తే పటంలో బెట్ట కనబడకుండా పోతుంది.

పరిభాష

తెగకుండా సాగే గీతను నిండు గీత అనీ, చిన్న చిన్న ముక్కలుగా సాగే దానిని తునకల గీత అనీ, చుక్కలతో ఏర్పడిన దానిని చుక్కల గీత అనీ, రెండూ కలిసి వచ్చే దానిని తునక-చుక్కల గీత అనీ ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగింది. ఏ గీత దేనిని సూచిస్తుందో తెలిపే చిన్న పెట్టెను సూచిక అంటారు. ఉన్నత పాఠశాలలో భారత సర్వేక్షణ శాఖ స్థలాకృతి పటాలను చూసిన విద్యార్థులకు ఈ భావన కొత్త కాదు. ఆ పటాలలో నీరున్న వాగును నీలిరంగులోనూ, ఎండిన వాగును నల్లరంగులోనూ చూపుతారు. రంగు, తెగుదల అనే రెండు లక్షణాలతోనే ఆ పటాలు ఎంతో సమాచారాన్ని మోస్తాయి.

చరిత్ర

గీతను తెంపి సందేహాన్ని చూపే పద్ధతి కంప్యూటర్ల కంటే చాలా పాతది. ఆంగ్ల శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీ 1765లో ప్రచురించిన జీవితచరిత్రల పటంలో ఒక్కొక్క ప్రముఖుని జీవితకాలాన్ని ఒక్కొక్క అడ్డగీతగా చూపాడు. జనన మరణాల తేదీలు నిశ్చయంగా తెలియనిచోట చుక్కలు వాడాడు. 1786లో విలియం ప్లేఫెయిర్ తన వాణిజ్య, రాజకీయ అట్లాసులో ఇంగ్లాండు ఎగుమతి దిగుమతులను కాలక్రమంలో గీతలుగా చూపాడు. నేడు మనం గీసే కాలక్రమ రేఖాపటాలకు ఇదే మూలమని చెప్తారు. ఆ పటాలు రాగిరేకులపై చెక్కి అచ్చువేసినవి, రంగులు చేతితో అద్దినవి.

యంత్రాలు గీయడం మొదలైన తరువాత శైలి అనేది ఒక ఆదేశంగా మారినది. 1959లో వచ్చిన కాల్‌కాంప్ 565 వంటి కలపు ప్లాటర్లలో కలమును కాగితంపై దించితే గీత, ఎత్తితే ఖాళీ. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ ప్లాటర్ల భాషలో గీత రకానికి ఒక ప్రత్యేక ఆదేశమే ఉండేది. రకం సంఖ్యను, ఆ నమూనా ఎంత పొడవుకు ఒకసారి తిరిగి రావాలనే దానిని అందులో చెప్పేవారు.

1984లో అడోబి సంస్థ విడుదల చేసిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష ఈ విషయానికి స్థిరమైన రూపం ఇచ్చినది. అందులోని సెట్‌డాష్ అనే ఆదేశానికి సంఖ్యల వరుస ఒకటి, ప్రారంభ స్థానం ఒకటి ఇవ్వాలి. ఆ తరువాత వచ్చిన పద్ధతులు దాదాపుగా దీనినే అనుసరించాయి. 2001లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించిన ఎస్‌వీజీ చిత్ర భాషలోనూ, వెబ్ బ్రౌజర్ల కాన్వాస్‌లోనూ ఇదే భావన ఉన్నది.

సంఖ్యల వరుస పనిచేసే విధానం

నమూనాను తునక పొడవు, ఖాళీ పొడవు, మళ్ళీ తునక, మళ్ళీ ఖాళీ అనే క్రమంలో సంఖ్యలుగా వ్రాస్తారు. [6 3] అంటే 6 ప్రమాణాల తునక, 3 ప్రమాణాల ఖాళీ. [8 3 1 3] అంటే పొడవైన తునక, ఖాళీ, చిన్న చుక్క, ఖాళీ. సంఖ్యల లెక్క బేసి అయితే ఎస్‌వీజీలో వరుసను రెండుమార్లు వ్రాసినట్లు భావిస్తారు. కనుక [5 3 2] అని ఇస్తే [5 3 2 5 3 2] అని ఇచ్చినట్లే. ఇందులో మొదటిసారి తునకగా వచ్చిన 5 రెండవసారి ఖాళీగా వస్తుంది. ఈ సంగతి తెలియక గీత వంకర నమూనాలో వచ్చిందని ప్రోగ్రాములో లేని తప్పును వెదికేవారు ఉంటారు.

ప్రారంభ స్థానం అనేది నమూనాను ఎంత దూరం జరిపి మొదలుపెట్టాలో చెబుతుంది. రెండు గీతలు ఒకదానిపై ఒకటి పడేచోట ఇది బాగా ఉపయోగపడుతుంది. రెండింటికీ [5 5] అని ఇచ్చి, ఒకదానికి ప్రారంభం 0, రెండవదానికి 5 అని పెడితే ఒకదాని ఖాళీలలో మరొకటి కనిపిస్తుంది. రెండూ ఉన్నాయని పాఠకునికి అర్థమవుతుంది.

గీత కొసల ఆకారం కూడా తునకలపై ప్రభావం చూపుతుంది. కొసలు సమంగా కోసినట్లు ఉండవచ్చు, గుండ్రంగా ఉండవచ్చు, చదరంగా పొడుచుకు రావచ్చు. గుండ్రని కొస, చదరపు కొస ప్రతి తునకకు రెండువైపులా గీత మందంలో సగం చొప్పున పొడవును చేరుస్తాయి. అంటే ఖాళీ పొడవులో గీత మందమంత తగ్గిపోతుంది. 3 ప్రమాణాల మందం గల గీతకు 3 ప్రమాణాల ఖాళీ ఇచ్చి గుండ్రని కొస పెడితే ఆ ఖాళీ పూడిపోయి తునకలు ఒకదానినొకటి తాకుతాయి. అయితే దీనినే ఉపాయంగా కూడా వాడుకోవచ్చును. తునక పొడవు 0 అని, ఖాళీని మందం కంటే ఎక్కువగా ఇచ్చి గుండ్రని కొస పెడితే చక్కని గుండ్రటి చుక్కలు వస్తాయి.

వివిధ ఉపకరణాలలో

పైథాన్ భాషలోని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను జాన్ హంటర్ 2003లో వెలువరించాడు. దీనిలో నాలుగు శైలులకు గుర్తులున్నాయి. నిండు గీతకు "-", తునకల గీతకు "--", తునక-చుక్కల గీతకు "-.", చుక్కల గీతకు ":" అని వ్రాస్తారు. సొంత నమూనా కావాలంటే ప్రారంభ స్థానాన్నీ, సంఖ్యల వరుసనూ జతగా ఇవ్వాలి. 2017లో వచ్చిన 2.0 కూర్పు నుండి తునకల పొడవు గీత మందంతో పాటు పెరుగుతుంది. అంతకుముందు మందం పెంచితే తునకలు పొట్టిగా, మొద్దుగా కనిపించేవి.

గణాంక భాషయైన ఆర్‌లో శైలులకు 0 నుండి 6 వరకు సంఖ్యలు ఉన్నాయి. 0 అంటే గీత లేదు, 1 నిండు గీత, 2 తునకలు, 3 చుక్కలు, 4 తునక-చుక్కలు, 5 పొడవైన తునకలు, 6 రెండు రకాల తునకలు. సంఖ్యలకు బదులు "44", "13", "1343" వంటి అంకెల మాలలను కూడా ఇవ్వవచ్చును. వీటిలో ప్రతి అంకె ఒక తునక లేదా ఖాళీ పొడవు.

1986లో వెలువడిన గ్నూప్లాట్‌లో చాలాకాలం తునకల నమూనా ఆయా ముద్రణ పరికరంపై ఆధారపడి ఉండేది. ఒకే ప్రోగ్రాము తెరమీద రంగుల నిండు గీతలనూ, కాగితంపై నల్లని తునకల గీతలనూ ఇచ్చేది. 2015 నాటి 5.0 కూర్పులో తునకల నమూనాకు విడి ఆదేశం వచ్చిన తరువాత ఈ చిక్కు తీరినది. గూగుల్ చార్ట్స్‌లో నేరుగా సంఖ్యల వరుస ఇచ్చే వీలుతో పాటు, దత్తాంశ పట్టికలోనే "నిశ్చయత" అనే వరుసను చేర్చే వీలుంది. ఏ అంకె నిశ్చయం కాదని అందులో వ్రాస్తే అక్కడ గీత తనంతట తానే తునకలుగా మారుతుంది. శైలిని పటానికి కాక కొలతకు ముడిపెట్టిన ఈ పద్ధతి మిగిలినవాటికంటే మేలైనదని చెప్పవచ్చును.

ఉదాహరణ: తాడిపత్రి వర్షపాతం

తాడిపత్రి పెన్న నది ఒడ్డున ఉన్న పట్టణం. బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాలకు, నాపరాళ్ళకు ప్రసిద్ధి. అనంతపురం జిల్లాకు గణాంక పుస్తకాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్న వార్షిక సాధారణ వర్షపాతం 553 మి.మీ. ఇందులో జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వాటా 338 మి.మీ., అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వాటా 156 మి.మీ. తక్కిన అయిదు నెలలకు మిగిలేది సుమారు 59 మి.మీ. మాత్రమే. ఇవి అవిభక్త జిల్లా మొత్తానికి చెందిన అంకెలు. మండలానికి పటం గీసేటప్పుడు ఆ మండలపు సాధారణ విలువనే తీసుకోవాలి.

రోజువారీ వానను రేఖాపటంగా గీయడం సరికాదు. ఒకరోజు వానకు, మరునాటి వానకు మధ్య గీత గీస్తే ఆ మధ్యలో కూడా ఏదో కొలత ఉన్నట్లు అర్థం వస్తుంది. రోజు వానకు నిలువు కడ్డీలు తగినవి. రేఖాపటానికి తగినది జూన్ 1 నుండి కూడుతూ వచ్చే మొత్తం వర్షపాతం. ఈ సంచిత రేఖ వాన పడిన రోజున పైకి లేస్తుంది, పడని రోజున సమతలంగా సాగుతుంది, ఎన్నడూ క్రిందికి దిగదు. రైతుకు కావలసిన సంగతులన్నీ ఇందులో ఉంటాయి. విత్తనానికి పదును ఎప్పుడు అయినది, వేరుశనగ ఊడలు దిగే దశలో వాన ఉన్నదా లేదా అన్నది గీత వాలును బట్టి చెప్పవచ్చును. గీత సమతలంగా సాగిన మేర బెట్ట.

ఈ పటంలో కనీసం మూడు రకాల గీతలు అవసరమవుతాయి. మొదటిది, వర్షమాపకం ద్వారా కొలిచిన వాన. దీనికి నిండు గీత, అన్నింటికంటే ఎక్కువ మందం ఉండాలి. రెండవది, సాధారణ వర్షపాతపు సంచిత రేఖ. ఇది ఏ ఒక్క సంవత్సరంలోనూ పడిన వాన కాదు, అనేక సంవత్సరాల సగటు. పైగా నెలవారీ సాధారణ విలువలు మాత్రమే దొరికినప్పుడు నెల చివరి బిందువులను సరళరేఖలతో కలుపుతారు కాబట్టి ఇందులో కొంత ఊహ కూడా చేరుతుంది. దీనికి తునకల గీత తగును. మూడవది, వర్షాభావపు హద్దులు. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం సాధారణం కంటే 19 శాతం ఎక్కువ నుండి 19 శాతం తక్కువ వరకు సాధారణ వర్షపాతమే. 20 నుండి 59 శాతం వరకు తగ్గితే లోటు, 60 నుండి 99 శాతం తగ్గితే తీవ్రమైన లోటు. పై జిల్లా అంకెల ప్రకారం సెప్టెంబరు 30 నాటికి ఈ రెండు హద్దులు సుమారు 270 మి.మీ., 135 మి.మీ. వద్ద పడతాయి. వీటికి సన్నని చుక్కల గీతలు చాలును. హద్దు గీత కొలత గీతకంటే మందంగా ఉంటే చూసేవారి కన్ను ముందుగా హద్దు మీద పడుతుంది.

సాధారణ రేఖ కూడా శాశ్వతం కాదు. 2022లో వాతావరణ శాఖ 1961–2010 సగటుకు బదులు 1971–2020 సగటును ఆధారంగా తీసుకొన్నది. దానితో దేశవ్యాప్త నైరుతి ఋతు సాధారణం 880.6 మి.మీ. నుండి 868.6 మి.మీ.కు మారినది. అదే సంవత్సరం ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది, తాడిపత్రి అనంతపురం జిల్లాలోనే ఉండిపోయినది. అందువలన జిల్లా వర్షపాతాన్ని అనేక సంవత్సరాలకు ఒకే గీతగా గీసేవారు 2022 దగ్గర ఒక నిలువు చుక్కల గీత పెట్టి, అటు ఇటు ఉన్నవి ఒకే భూభాగపు అంకెలు కావని సూచించాలి.

లేని కొలతలు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. వర్షమాపకంలోని నీటిని ప్రతిరోజు ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు. ఏ కారణం చేతనైనా కొన్నాళ్ళు కొలత తీయకపోతే ఆ రోజుల వాన పాత్రలో నిలిచి, తరువాత ఒక్కసారిగా నమోదవుతుంది. ఊహాసంఖ్యలతో ఒక లెక్క చూద్దాము. జూలై 31 నాటికి సంచిత వర్షపాతం 96 మి.మీ. తరువాత కొలతలు లేవు. ఆగస్టు 21న పాత్రలో 42 మి.మీ. ఉన్నది, మొత్తం 138 మి.మీ. అయినది. పటం గీసే ప్రోగ్రాము ఈ రెండు బిందువులను నిండు గీతతో కలిపితే 21 రోజులపాటు రోజుకు 2 మి.మీ. చొప్పున క్రమంగా వాన పడినట్లు కనిపిస్తుంది. అసలు ఆ 42 మి.మీ. ఆగస్టు 20 రాత్రి ఒకే జడివానగా పడి ఉండవచ్చును. అప్పటికి ఇరవై రోజుల బెట్టలో పైరు వాడిపోయి ఉండవచ్చును.

ఇది కేవలం చూపుకు సంబంధించిన విషయం కాదు. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో వెలువరించిన కరువు నిర్వహణ హస్తపుస్తకం ప్రకారం ఋతుపవనాలు రావలసిన తేదీ తరువాత వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారమూ సాధారణంలో సగం కంటే తక్కువ వాన పడితే దానిని బెట్టగా లెక్కిస్తారు. కరువు మండలాల నిర్ణయంలో పరిశీలించే అంశాలలో ఇది ఒకటి. అధికారిక లెక్క పటం చూసి కట్టరన్నది నిజమే. అయినా గ్రామసభలోనో పత్రికలోనో కనిపించే పటంలో ఆ మూడు వారాలు వాలుగా పైకి లేచిన గీతగా ఉంటే, బెట్ట వచ్చిందని చెప్పే రైతు మాట నమ్మేవారు తక్కువ.

ముగ్గులో చుక్కలను ఎలా కలపాలన్నది వేసేవారి ఇష్టం. కొలతల పటంలో ఆ స్వేచ్ఛ లేదు. అనేక ఉపకరణాలు మాత్రం అడగకుండానే చుక్కలను కలిపివేస్తాయి. ఎక్సెల్ వంటి పట్టికల ప్రోగ్రాములలో ఖాళీ గడిని ఖాళీగా వదలాలా, సున్నాగా చూపాలా, అటు ఇటు కలపాలా అని ఎంచుకొనే వీలుంది. లేని కొలతను సున్నాగా చూపడం కలపడం కంటే పెద్ద తప్పు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ, ఆర్‌లోనూ లేని విలువ గుర్తు ఎదురైనప్పుడు గీత అక్కడ తెగి, తరువాతి విలువ దగ్గర మళ్ళీ మొదలవుతుంది. అయితే తేదీ వరుసే పట్టికలో లేకపోతే, అంటే ఆ రోజుల గడులను ముందే తొలగించి ఉంటే, తెగవలసిన సంగతి ప్రోగ్రాముకు తెలియదు. అందుచేత ముందుగా అన్ని తేదీలతో పట్టికను నింపుకొని, కొలత లేనిచోట లేని విలువ గుర్తును ఉంచాలి.

కూడికలో మరొక మెలిక ఉన్నది. ఆర్‌లో సంచిత కూడిక చేసినప్పుడు ఒక్క విలువ లేకపోయినా అక్కడినుండి చివరివరకు అన్నీ లేని విలువలుగానే మారతాయి. గీత అక్కడితో ఆగిపోతుంది. పైథాన్‌లోని పాండాస్‌లో లేని రోజును దాటవేసి, తరువాతి రోజునుండి పాత మొత్తంపైనే కూడిక సాగుతుంది. అనగా లేని వానను సున్నాగా భావించినట్లు అవుతుంది. ఒకే దత్తాంశానికి రెండు ఉపకరణాలు రెండు పటాలు ఇవ్వడానికి ఇది ఒక కారణం.

ఇటువంటి చోట అనుసరించదగిన పద్ధతి ఒకే దత్తాంశాన్ని రెండుమార్లు గీయడం. మొదట లేని విలువలను తొలగించి, బిందువులన్నిటినీ సన్నని బూడిదరంగు చుక్కల గీతతో కలపాలి. దానిపై లేని విలువలతో సహా మందమైన నిండు గీత గీయాలి. కొలత ఉన్నచోట నిండు గీత చుక్కలను కప్పివేస్తుంది, లేనిచోట చుక్కలు బయటపడతాయి. సూచికలో "కొలత లేదు" అని వ్రాస్తే సరిపోతుంది.

పెన్న ప్రవాహం

కేంద్ర జల సంఘానికి పెన్నపై తాడిపత్రి వద్ద ప్రవాహమాపన కేంద్రం ఉన్నది. నదీప్రవాహాన్ని సాధారణంగా సంవర్గమాన కొలబద్దపై గీస్తారు, ఎందుకంటే వరదకు, మామూలు ప్రవాహానికి మధ్య తేడా వందల రెట్లు ఉంటుంది. పెన్న వంటి నదిలో నీరు లేని రోజులు ఎక్కువ. సున్నాకు సంవర్గమానం లేదు కాబట్టి ఆ రోజులలో గీత మాయమవుతుంది. అప్పుడు పటంలో రెండు రకాల ఖాళీలు ఏర్పడతాయి. ఒకటి నది ఎండినది, రెండవది కొలత లేనిది. రెండూ చూడడానికి ఒకటే. ఎండిన రోజులను అక్షానికి ఆనుకొని ఒక మందపాటి అడ్డగీతగా విడిగా చూపితే ఈ చిక్కు తొలగిపోతుంది.

నలుపు తెలుపు ముద్రణ

తెరపై ఎరుపు, పచ్చ, నీలం గీతలుగా ఉన్న పటం జిరాక్సు తీసినప్పుడు మూడు బూడిదరంగు గీతలుగా మారుతుంది. కార్యాలయాలలో, పాఠశాలలలో పటాలు ఎక్కువగా చేరేది ఈ రూపంలోనే. ఎరుపు, పచ్చ రంగుల తేడా గుర్తించలేనివారు కూడా సమాజంలో ఉన్నారు, వీరిలో పురుషులే ఎక్కువ. అందువలన రంగుతో పాటు శైలిలో కూడా తేడా ఉండడం మంచిది. అయితే తునకల రకాలతో గుర్తించగలిగేది నాలుగైదు గీతలను మాత్రమే. అంతకుమించితే గీత కొసన నేరుగా పేరు వ్రాయడమో, పటాన్ని చిన్న చిన్న పటాలుగా విడగొట్టడమో మేలు. జిల్లాలోని మండలాలన్నిటినీ ఒకే పటంలో తునకల తేడాతో చూపినవి అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. వాటిని గీసినవారు కూడా చదవలేరు.

పేర్లు తెలుగులో వ్రాసేవారు ఒక సంగతి గమనించాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ సాధారణ చిత్రణ యంత్రాంగం చాలాకాలం తెలుగు ఒత్తులను సరిగా కూర్చలేకపోయినది. బ్రౌజరులో కనిపించే ఎస్‌వీజీ పటాలలో ఈ ఇబ్బంది లేదు.

కొన్ని పొరపాట్లు

ఏడాదిలోని 365 రోజుల బిందువులను 730 పిక్సెళ్ళ వెడల్పులో గీస్తే వాన లేని రోజులలో బిందువుల మధ్య దూరం 2 పిక్సెళ్ళు. గీత మొత్తాన్ని ఒకే మార్గంగా కాక ఒక్కొక్క జతను విడివిడి గీతగా గీసే ప్రోగ్రాములో తునకల నమూనా ప్రతి బిందువు వద్ద మళ్ళీ మొదలవుతుంది. తునక పొడవు 4 పిక్సెళ్ళయితే ఖాళీ ఎన్నటికీ రాదు. కోడులో తునకల గీత అని వ్రాసి ఉన్నా పటంలో నిండు గీతే కనిపిస్తుంది. బిందువులన్నిటినీ ఒకే మార్గంగా కలిపి గీయడమే దీనికి మందు.

దీనికి వ్యతిరేకమైనది మరొకటి ఉన్నది. ఎగుడుదిగుడుగా ఉండే గీతను తునకలుగా గీస్తే శిఖరం ఖాళీలో పడిపోవచ్చును. నదీప్రవాహంలో ఒకేరోజు వచ్చిన వరద ఈ విధంగా పటం నుండి తప్పిపోగలదు. కొలిచిన విలువలకు నిండు గీతనే వాడాలనడానికి ఇది కూడా ఒక కారణం.

కొన్ని దత్తాంశాలలో లేని కొలతకు -999 అని వ్రాస్తారు. దానిని లేని విలువగా మార్చకుండా గీస్తే గీత పటం అడుగుకు పడిపోయి మళ్ళీ లేస్తుంది. ఈ తప్పు వెంటనే కనబడుతుంది కాబట్టి దీనివలన ప్రమాదం తక్కువ. సంచిత కూడికలో మాత్రం మొత్తం ఒక్కసారిగా దాదాపు వెయ్యి తగ్గి, ఆపై మామూలుగా సాగుతుంది. అక్షం పరిధిని ముందే 0 నుండి 600 వరకు అని బిగించి ఉంచితే ఆ తేదీ తరువాతి గీత అంతా పటం బయట పడిపోయి, అక్కడితో కొలతలు ఆగిపోయాయని పాఠకుడు భావిస్తాడు.